ముందు చిగుళ్ళు, ఆ వెంటే బరువు

ప్రశ్న: నా వయసు 46. బ్యాంకులో కౌంటర్ మీద పనిచేస్తాను. రెండు మూడేళ్ళుగా బ్రష్ చేస్తే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. మెడికల్ షాపులో ఇచ్చిన జెల్ రాశాను, రెండుసార్లు మాత్రలు వాడాను. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలైంది. ఇప్పుడు కింది ముందుపళ్ళు రెండు కదులుతున్నాయి. కుడివైపు దవడ పళ్ళతో గట్టివి ఏవీ నమలలేకపోతున్నాను. అందుకని మెత్తటి అన్నం, పెరుగు, ఉప్మా, బ్రెడ్డు, టీలో ముంచిన బిస్కెట్లు, వీటితోనే గడుపుతున్నాను. ఈ మధ్య కాలంలోనే 9 కిలోలు పెరిగి 74కి వచ్చాను. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. అమ్మకు షుగర్ ఉంది, నేను ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు. బీపీకి మాత్ర వేసుకుంటున్నాను. డెంటిస్టు డీప్ క్లీనింగ్ చేయించుకోమన్నారు. క్లీనింగ్ చేయిస్తే ఉన్న పళ్ళు కూడా వదులైపోతాయని మా అత్తగారు అంటున్నారు. ముందు బరువు తగ్గితే చిగుళ్ళు వాటంతట అవే బాగుపడతాయని ఒక వీడియోలో చూశాను. ఏది నిజం? నేను ఏం తినాలి? నోటి వాసన వల్ల కస్టమర్లతో మాట్లాడాలంటే టెన్షన్‌గా ఉంటోంది. మధ్యాహ్నం అందరితో కూర్చుని తినడం మానేశాను. చిన్న విషయానికి ఇంత పెద్ద ఉత్తరం రాసినందుకు క్షమించండి.
– ఒక సోదరి, తణుకు

సమాధానం: క్షమించమని అడగాల్సిన పనేమీ లేదమ్మా. తినడం, మాట్లాడడం, నలుగురిలో కూర్చోవడం, ఈ మూడూ ఇబ్బంది అయ్యాక అది చిన్న విషయం ఎలా అవుతుంది?

ముందు మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతాను. డీప్ క్లీనింగ్ చేయించుకోండి, ఈ నెలలోనే. బరువు తగ్గేదాకా ఆగొద్దు. తిండిలో మార్పు కూడా దానితోపాటే మొదలుపెట్టండి, ఎందుకంటే క్లీనింగ్ వల్ల వచ్చిన మేలు నిలబడాలంటే అది కావాలి. ఈలోగా ఒక ఉదయం పరగడుపున వెళ్ళి షుగర్ పరీక్ష చేయించుకోండి. ఇలా ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను. కారణం తెలిస్తే భయం తగ్గుతుంది, చెప్పింది పాటించడమూ తేలికవుతుంది.

పంటికీ చిగురుకూ మధ్య సన్నటి సందు ఒకటి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న నోట్లో దాని లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. పళ్ళ మీద రోజూ చేరే పాచిని తీసెయ్యకపోతే, లాలాజలంలోని ఖనిజాలు చేరి అది కొద్ది రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది. గార బ్రష్‌కు రాదు. దాని మీద మళ్ళీ కొత్త పాచి పడుతుంది. అందులోని బాక్టీరియాను ఎదుర్కోవడానికి ఒంట్లోని రక్షణ వ్యవస్థ చిగురు దగ్గరికి రక్తాన్ని, తెల్లకణాలను పంపిస్తుంది. చిగుళ్ళు ఎర్రబడటం, వాయడం, తాకితే రక్తం రావడం ఆ పోరాటం వల్లే. ఇక్కడిదాకా అయితే పూర్తిగా వెనక్కి తిప్పవచ్చు. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హరాల్డ్ లో అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్ళు తోముకోవడం ఆపమన్నారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళ వాపు వచ్చింది. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టాక సుమారు వారంలో తగ్గిపోయింది.

అదే వాపు నెలలు, ఏళ్ళ తరబడి కొనసాగితే కొంతమందిలో లోపలికి దిగుతుంది. సందు 4, 5, 6 మిల్లీమీటర్లకు లోతవుతుంది, పంటిని పట్టి ఉంచే ఎముక కరగడం మొదలవుతుంది. పాతకాలం వాళ్ళు పయోరియా అనేది దీన్నే. ఇది చాలాకాలం నొప్పి లేకుండానే నడుస్తుంది, అందుకే జనం ఆలస్యంగా వస్తారు. ప్రపంచంలో 100 కోట్ల మందికి పైగా తీవ్రమైన చిగుళ్ళ జబ్బు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో అంచనా వేసింది. మీ పళ్ళు కదులుతున్నాయంటే మీ జబ్బు చాలావరకు ఈ రెండో దశలోనే ఉండి ఉంటుంది. కరిగిన ఎముక మామూలు క్లీనింగ్‌తో తిరిగి రాదు, ఆ మాట దాచను. కానీ కరగడాన్ని ఆపవచ్చు. వాపు తగ్గాక చిగురు పంటిని మళ్ళీ బిగువుగా పట్టుకుంటుంది, కొంచెం కదిలే పళ్ళు గట్టిపడటమూ తరచూ చూస్తుంటాం.

జెల్, మాత్రలు ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. గార లోపల అలాగే ఉంది. దాన్ని తీయకుండా యాంటీబయాటిక్ వేసుకుంటే కొన్ని రోజులు ఊరట, తర్వాత మామూలే. ఇంకోసారి సొంతంగా కొని వాడకండి.

ఇప్పుడు మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన సంగతి. పళ్ళు కదలడం, బరువు పెరగడం వేర్వేరు బాధలన్నట్టు రాశారు మీరు. రెండూ ఒకే కాలంలో ఎందుకు వచ్చాయో మీ ఉత్తరంలోనే ఉంది చూడండి. నమలలేక గట్టివి మానేశారు. మానేసినవి ఏమిటి? జామకాయ, క్యారెట్, జొన్నరొట్టె, వేరుశనగలు, చిక్కుడు, గోరుచిక్కుడు, కోడిమాంసం అయి ఉంటాయి. అంటే పీచు, మాంసకృత్తులు, విటమిన్ సి ఉన్నవన్నీ. వాటి స్థానంలో వచ్చినవేమో తెల్లన్నం, రవ్వ, మైదా, చక్కెర. ఇవి నమలాల్సిన పని లేకుండా దిగిపోతాయి, కడుపు నిండినట్టు అనిపించేలోపే ఎక్కువ తినేస్తాం, రెండు గంటలకే మళ్ళీ ఆకలేస్తుంది. పళ్ళు తగ్గిపోయిన వాళ్ళు పండ్లు, కూరగాయలు, పీచు తక్కువగా తింటారని చాలా దేశాల్లో చేసిన పరిశీలనల్లో తేలింది. మీ విషయంలో పళ్ళు ఊడకముందే అది మొదలైంది. మీకు నిగ్రహం లేక బరువు పెరగలేదమ్మా. నోరు నమలనివ్వనప్పుడు మనిషి ఏది తినగలిగితే అదే తింటుంది.

పెరిగిన బరువు మళ్ళీ చిగుళ్ళ మీదికి ఎలా వస్తుందంటే, కొవ్వు కణాలు, ముఖ్యంగా నడుము చుట్టూ పేరుకున్నవి, వాపును రెచ్చగొట్టే రసాయనాలను రక్తంలోకి వదులుతుంటాయి. ఒంట్లో ఎప్పుడూ సన్నగా ఒక సెగ ఉన్నప్పుడు, చిగురు దగ్గర పాచి కొంచెమే ఉన్నా వాపు ఎక్కువగా వస్తుంది. ఈ సంబంధాన్ని మొదట గట్టిగా ఎత్తిచూపిన వాళ్ళలో జపాన్‌కు చెందిన సైతో బృందం ఒకటి. 1998లో 241 మందిని పరీక్షించి, ఎత్తుకు తగిన దానికంటే బరువు ఎక్కువ ఉన్నవాళ్ళలో చిగుళ్ళ జబ్బు ఎక్కువగా ఉందని వాళ్ళు రాశారు. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో ఇదే కనిపించింది. అలాగని లావుగా ఉన్న అందరికీ ఈ జబ్బు రాదు, సన్నగా ఉన్నవాళ్ళకు రాకుండానూ పోదు. పాచి, గార లేకుండా బరువు ఒక్కటే చిగుళ్ళను పాడుచేయదు. మీరు చూసిన వీడియోలో తప్పు ఇక్కడే ఉంది. మీరు 20 కిలోలు తగ్గినా పంటి వేరుకు అంటుకున్న గార ఒక్క రవ్వ కూడా రాలదు.

మీ ఎత్తు, బరువు లెక్కేస్తే బీఎంఐ సుమారు 31 వస్తుంది. మన దేశంలో వైద్యులు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు, ఎందుకంటే మన శరీరాల్లో తక్కువ బరువుకే నడుము దగ్గర కొవ్వు చేరుతుంది. ఆడవాళ్ళకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లలోపు ఉండాలి. మీరు 25 కిందికి రావాలని ఇప్పుడే లక్ష్యం పెట్టుకోవద్దు. వచ్చే ఆరు నెలల్లో 4 నుంచి 7 కిలోలు తగ్గితే చాలు, షుగర్‌కు, బీపీకి, మోకాళ్ళకు తేడా తెలుస్తుంది. అది కూడా నమలడం కొంచెం కుదిరాకే సులువవుతుంది. ముందు చిగుళ్ళు అని నేను పట్టుబట్టడానికి అసలు కారణం ఇదే. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి. బరువు దగ్గర ఆపడానికి నెలలు పడుతుంది. చిగుళ్ళ దగ్గరైతే కొన్ని వారాల్లోనే ఆపవచ్చు.

మీ అత్తగారి భయం గురించి. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. క్లీనింగ్ తర్వాత పళ్ళ మధ్య ఖాళీలు కనిపించడం, నాలుగు రోజులు జివ్వుమనడం, పళ్ళు కాస్త వదులైనట్టు అనిపించడం చాలామంది చూసిందే. కానీ ఆ ఖాళీ చేసింది క్లీనింగ్ కాదు. అక్కడ చిగురు, ఎముక ఎప్పుడో తగ్గిపోయాయి, ఆ చోటును గార నింపింది. గోడ పగులులో పేరుకున్న మట్టి పగులును పూడ్చినట్టు కనిపిస్తుంది గానీ గోడకు బలమివ్వదు కదా. గార తీసేశాక ఉన్న సంగతి బయటపడుతుంది. వాపు తగ్గిన చిగురు గట్టిపడి పంటికి దగ్గరగా అతుక్కోవడానికి కొన్ని వారాలు పడుతుంది. జివ్వుమనడం చాలామందికి రెండు మూడు వారాల్లో తగ్గుతుంది, దానికి పేస్టులున్నాయి. డీప్ క్లీనింగ్‌లో చిగురు కింద వేరు దాకా శుభ్రం చేస్తారు కాబట్టి మత్తు ఇస్తారు, నొప్పి తెలియదు. నోరంతా ఒకేసారి చేయకుండా రెండు, నాలుగు విడతలుగా చేయడం మామూలే. చిగుళ్ళ స్పెషలిస్టు, అంటే పీరియోడాంటిస్టు చేత చేయించుకోగలిగితే మరీ మంచిది. ఖర్చు గురించి మీరు రాయలేదు గానీ, ఇది చదివే వేరేవాళ్ళ కోసం చెబుతున్నాను: విజయవాడ, కడప, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లలో ప్రభుత్వ దంత కళాశాలలు ఉన్నాయి. ప్రైవేటు దంత కళాశాలల్లోనూ బయటి క్లినిక్‌లకంటే తక్కువకే చేస్తారు.

ఇక తిండి. మీరు అడిగిన వాటిలో నాకు ఎక్కువ ఇష్టమైన ప్రశ్న ఇది, ఎందుకంటే ఇది పూర్తిగా మీ చేతిలో ఉంది.

చిగుళ్ళకూ తిండికీ ఉన్న సంబంధం కొత్తగా కనిపెట్టింది కాదు. నెలల తరబడి సముద్రం మీద ఉండి ఎండు రొట్టె, ఉప్పుమాంసం తినే నావికులకు చిగుళ్ళు ఉబ్బి, రక్తం కారి పళ్ళు ఊడిపోయేవి. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు నారింజ, నిమ్మ ఇచ్చిన ఇద్దరు త్వరగా కోలుకోవడం గమనించాడు. అది విటమిన్ సి లోపం వల్ల వచ్చే స్కర్వీ. మీకు ఉన్నది స్కర్వీ అనడం లేదు. కానీ చిగురును పంటికి కట్టి ఉంచే కొలాజెన్ తయారు కావాలంటే విటమిన్ సి ఉండాల్సిందే, మీ పళ్ళెంలో ఇప్పుడు అది దాదాపు లేదు. మన దేశపు ప్రమాణం ప్రకారం ఆడవాళ్ళకు రోజుకు 65 మిల్లీగ్రాములు కావాలి. 100 గ్రాముల జామపండులో దానికి మూడు రెట్లు ఉంటుంది. ఉసిరిలో ఇంకా ఎక్కువ. మాత్రలు కొనక్కర్లేదు. బాగా పండిన జామను పల్చగా కోసుకుని, గింజల భాగం తీసేసి ఎడమవైపు దవడతో తినండి. అదీ కష్టమైతే బొప్పాయి, బత్తాయి తినండి. జ్యూస్ చేసి వడకట్టొద్దు, పీచు పోతుంది. నిమ్మరసం పప్పులోనో పులిహోరలోనో పిండేటప్పుడు పొయ్యి ఆపేశాక పిండండి, వేడికి విటమిన్ సి నశిస్తుంది.

తిండి మార్చితే చిగుళ్ళు నిజంగా మారతాయా అని శాస్త్రవేత్తలు కూడా అనుమానించారు. స్విట్జర్లాండ్‌లో 10 మందిని నాలుగు వారాలు రాతియుగపు మనుషుల్లా బతకమన్నారు. బ్రష్ లేదు, చక్కెర లేదు, దంచిన ధాన్యాలు, ఆకులు, పండ్లు, దొరికినప్పుడు చేపలు, మాంసం. 2009లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. బ్రష్ లేదు కాబట్టి పాచి పెరిగింది. కానీ చిగురును తాకితే రక్తం వచ్చే చోట్లు 35 శాతం నుంచి 13 శాతానికి తగ్గాయి. 2016లో జర్మనీలోని ఫ్రైబర్గ్ పరిశోధకులు ఇంకొంచెం మన జీవితానికి దగ్గరగా చేసి చూశారు. కొందరికి నాలుగు వారాలు చక్కెర, శుద్ధి చేసిన పిండిపదార్థాలు తగ్గించి, చేపల్లోని ఒమేగా-3 కొవ్వులు, విటమిన్ సి, పీచు పెంచారు. పాచిలో పెద్ద మార్పు లేకుండానే చిగుళ్ళ వాపు, రక్తం రావడం దాదాపు సగానికి తగ్గాయి. రెండూ చిన్న ప్రయోగాలే. వీటిని చూసి బ్రష్ పక్కన పెట్టొద్దు. చిగురు ఎంత వాస్తుందనేది పాచి మీదే కాదు, మనం తినేదాని మీద కూడా ఆధారపడుతుందని మాత్రం ఇవి గట్టిగా చెబుతున్నాయి.

మీకు బాగా సరిపోయే ప్రయోగం మాత్రం జపాన్‌ది, 2014లో వచ్చింది. బరువు ఎక్కువగానో, షుగర్ అంచునో ఉన్న 21 మందికి 8 వారాలపాటు పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ ఉన్న భోజనం పెట్టారు. చిగుళ్ళ సందుల లోతు, రక్తం రావడం తగ్గాయి. బరువు, మూడు నెలల షుగర్ సగటు, రక్తంలో వాపును సూచించే సీఆర్‌పీ కూడా తగ్గాయి. ఒకే పళ్ళెం అన్నిటినీ కదిలించింది.

అయితే నమలలేని మీకు పీచు తినమని చెప్పి ఊరుకుంటే ఏం లాభం? అందుకే ఇప్పటికి ఇలా చేయండి. మెత్తగా ఉండటం తప్పు కాదు, మెత్తటిది మైదా, చక్కెర కావడమే తప్పు. మనకు మెత్తటి మంచి తిండికి కొదవేమిటి? ఉదయం ఉప్మా బదులు పల్చటి మజ్జిగ కలిపిన రాగి అంబలి, ఒక ఉడికించిన గుడ్డు. లేదా పెసరట్టు, మరీ కరకరలాడకుండా. మధ్యాహ్నం అన్నం ఇప్పటి కొలతలో సగం చేసి, ఆ ఖాళీని తోటకూర పప్పు, సొరకాయ, బీరకాయ, బాగా ఉడికిన బెండకాయ కూరలతో నింపండి. కొర్రలు రాత్రే నానబెట్టి మెత్తగా వండితే అన్నంలాగే దిగుతాయి. గోదావరి జిల్లాలో ఉండి చేప తినకపోవడం ఏమిటి? మీకు అలవాటుంటే వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకోండి, ముళ్ళు జాగ్రత్త. శాకాహారులైతే వేయించి పొడి చేసిన అవిసెలు పెరుగులో కలుపుకోండి. మునగాకు ఎండబెట్టి చేసిన పొడి పప్పులో వేసినా మంచిదే, విటమిన్ సి మాత్రం అందులో మిగలదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన పళ్ళెం లెక్కలో 2000 కేలరీలకు ధాన్యాలు, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉన్నాయి. అన్నీ వండకముందు తూకం. మన ఇళ్ళలో సాధారణంగా ధాన్యం, కూర ఈ కొలతకు తిరగబడి ఉంటాయి.

టీ, బిస్కెట్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కప్పుకు రెండు చెంచాల చక్కెర వేసుకుని నాలుగుసార్లు తాగితే చక్కెరే సుమారు 35 గ్రాములు. బిస్కెట్లలోది అదనం. రోజుకు 25 గ్రాములకు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పైగా ముంచిన బిస్కెట్ పేస్టులా పళ్ళ మధ్య, చిగురు అంచున అతుక్కుని గంటలు ఉంటుంది. ఎముక కరిగిన చోట పంటి వేరు బయటపడి ఉంటుంది కాబట్టి అక్కడ పిప్పి పట్టడం చాలా తేలిక. టీ మానొద్దు, రెండుసార్లకు తగ్గించి, చక్కెర అర చెంచాకు తీసుకురండి. బిస్కెట్లు మాత్రం పూర్తిగా మానేయండి. బ్యాంకులో నాలుగింటికి ఆకలేస్తే ఉడికించిన శనగలు బాగా మెత్తగా చేసుకుని తీసుకెళ్ళండి, కొంచెం నిమ్మకాయ పిండుకుని.

క్లీనింగ్ అయ్యి నమలడం కుదిరిన కొద్దీ జొన్నరొట్టె, పచ్చి కూరముక్కలు, చిక్కుడు ఒక్కొక్కటే తిరిగి తెచ్చుకోండి. గట్టి కాయలు నమిలితే పళ్ళు శుభ్రమవుతాయని కొందరంటారు. పంటి పైభాగానికి కొంచెం నిజమే, చిగురు అంచున ఉన్న పాచి మాత్రం అలా పోదు.

షుగర్ పరీక్ష ఎందుకు అంటున్నానంటే, తల్లికి ఉంది, మీ బరువు పెరిగింది, చిగుళ్ళు ఇంత త్వరగా పాడయ్యాయి. మూడూ కలిసినప్పుడు పరీక్ష వాయిదా వేయకూడదు. షుగర్ అదుపులో లేనివాళ్ళకు చిగుళ్ళ జబ్బు వచ్చే అవకాశం సుమారు మూడు రెట్లు. అటు నుంచి ఇటు కూడా నడుస్తుంది. చిగుళ్ళ జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళ నోట్లో లోపలి పుండ్ల విస్తీర్ణం కలిపితే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్ల దాకా ఉంటుందని లెక్కగట్టారు. ఒంటి మీద అంత పుండు ఉంటే ఎవరూ ఊరుకోరు. అక్కడి వాపు వల్ల ఇన్సులిన్ సరిగా పనిచేయదు. షుగర్ ఉన్నవాళ్ళకు చిగుళ్ళ చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సగటును చూపే అంకె, సగటున 0.4 దాకా తగ్గుతుందని చాలా ప్రయోగాలను కలిపి చేసిన 2022 సమీక్షలో తేలింది. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య వస్తే అంచున ఉన్నట్టు, 6.5 లేదా అంతకు మించితే షుగర్ ఉన్నట్టు. ఏది వచ్చినా ఆ రిపోర్టు డెంటిస్టుకు చూపించండి. బీపీ మాత్ర పేరు కూడా చెప్పండి. ఆమ్లోడిపిన్ రకం మాత్రలతో కొందరికి చిగుళ్ళు ఉబ్బి పెరుగుతాయి. సొంతంగా ఆపకండి, అవసరమైతే మీ డాక్టరే మారుస్తారు.

సిగ్గు గురించి మీరు చివర్లో రెండు ముక్కల్లో తేల్చేశారు. నేను అంత తేలిగ్గా వదలను. నోటి జబ్బు మనిషి బతుకును ఎంత ఇబ్బంది పెడుతోందో కొలవడానికి ప్రపంచమంతా వాడే 14 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది. ఆస్ట్రేలియాలో 1990ల్లో తయారైంది. అందులో నొప్పి గురించి ఉన్నవి కొన్నే. తినేటప్పుడు ఇబ్బందిగా ఉందా, తిండి అసంతృప్తిగా ఉందా, భోజనం మధ్యలో ఆపాల్సి వచ్చిందా, నలుగురిలో బిడియపడుతున్నారా, టెన్షన్ పడుతున్నారా, విసుగు వస్తోందా, రోజూ చేసే పని కష్టమవుతోందా, ఇలాంటివే ఎక్కువ. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 56. మీ ఉత్తరం చదువుతుంటే ఆ పట్టికకు జవాబులు రాసినట్టే ఉంది. మీరు పడుతున్నది జబ్బులో భాగం, మీ స్వభావంలో లోపం కాదు. వైద్యం అయ్యాక చాలామందికి ఈ మార్కులు కూడా తగ్గుతాయి. చిగుళ్ళ జబ్బు వల్ల వచ్చే వాసన, లోపల నిలవ ఉన్న బాక్టీరియా పోయాక చాలావరకు పోతుంది. నాలుకను కూడా రోజూ గీసుకోండి. అప్పటిదాకా ఘాటు మౌత్‌వాష్‌లతో కప్పిపెట్టే ప్రయత్నం వద్దు. క్లోర్‌హెక్సిడిన్ ఉన్నది డాక్టరు రాస్తే రెండు వారాలు వాడండి, అంతకు మించితే పళ్ళకు గోధుమరంగు మరకలు పడతాయి, రుచి మారుతుంది.

ఒక మాట చనువుగా చెబుతాను. వాసన ఉందని మీరు ఒంటరిగా తినడం మొదలుపెట్టాక ఏం తింటున్నారో చూసేవాళ్ళు, ఇంకాస్త కూర వేసుకోమనేవాళ్ళు లేకుండా పోయారు. బిస్కెట్లు ఆ ఖాళీలోకే వచ్చి ఉంటాయి. నమ్మకమైన స్నేహితురాలు ఒకరుంటే "చిగుళ్ళకు వైద్యం చేయించుకుంటున్నాను, నెమ్మదిగా తింటాను" అని చెప్పి ఆమె పక్కన కూర్చోండి. ఈ జబ్బు ఎంతమందికి ఉందో అప్పుడే మీకు తెలుస్తుంది.

తోముకోవడం గురించి క్లుప్తంగా. మెత్తటి బ్రష్, రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు. బ్రష్ కుచ్చులు పంటికీ చిగురుకూ మధ్య అంచున ఏటవాలుగా ఉంచి చిన్నగా కదపాలి, అడ్డంగా రుద్దకూడదు. రక్తం వచ్చే చోటును వదిలేయకండి, అక్కడే ఎక్కువ శుభ్రం కావాలి. మీ పళ్ళ మధ్య ఖాళీలున్నాయి కాబట్టి వాటిలో పట్టే చిన్న బ్రష్‌లు, ఇంటర్‌డెంటల్ బ్రష్‌లంటారు, ఏ సైజు కావాలో డెంటిస్టునే చూపించమనండి. ఇసుకలా గరగరలాడే పళ్ళపొడి, బొగ్గు, ఇటుక పొడి ముట్టుకోవద్దు. గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే ఊరటగా ఉంటుంది, వైద్యం మాత్రం కాదు.

క్లీనింగ్ మొదలుపెట్టే ముందు ఒక్కో పంటి చుట్టూ సందుల లోతు కొలిచి రాసుకోమని, ఎక్స్‌రే తీయమని అడగండి. ఆ కాగితం ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. క్లీనింగ్ పూర్తయిన 6 నుంచి 8 వారాలకు మళ్ళీ కొలవమనండి. చాలా చోట్ల లోతు తగ్గి ఉండాలి, రక్తం తగ్గి ఉండాలి. ఎక్కడైనా ఇంకా లోతుగా మిగిలి రక్తం వస్తుంటే, ఆ ఒక్క చోట చిగురు తెరిచి శుభ్రం చేసే చిన్న ఆపరేషన్ గురించి డాక్టరు చెబుతారు, దానికి బెదిరిపోకండి. కదిలే రెండు పళ్ళను పక్క పళ్ళతో కలిపి సన్నటి తీగతో కట్టవచ్చేమో అప్పుడే అడగండి. ఆ తర్వాత మొదటి ఏడాది మూడు నెలలకోసారి వెళ్ళాలి. ఈలోగా చిగురు ఒక్కసారిగా ఉబ్బి చీము వచ్చినా, జ్వరం వచ్చినా, ముఖం వాచినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు వెళ్ళండి.